నీమో మనవాడే: పాత సాహస నవలల్ని మళ్లీ, ఈసారి పూర్తిగా చదివిన అనుభవం

జూల్స్ వెర్న్ నవలల్లో జలాంతర్గామి నడిపే కెప్టెన్ నీమో మన దేశం వాడని నాకు నలభై దాటాక తెలిసింది. బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, అసలు పేరు డక్కర్. 1857 తిరుగుబాటులో పోరాడి, ఓడిపోయి, భార్యాబిడ్డల్ని పోగొట్టుకుని, మిగిలిన నమ్మకస్తుల్ని ఇరవై మందిని వెంటబెట్టుకుని పసిఫిక్‌లో మనిషి లేని ఒక దీవికి చేరి అక్కడ నాటిలస్ అనే ఆ జలాంతర్గామి కట్టుకున్నాడు. ఇది ఎవరో అభిమాని అల్లిన కథ కాదు. జూల్స్ వెర్న్ తనే 1874-75లో వచ్చిన ‘ది మిస్టీరియస్ ఐలాండ్’ చివర్లో రాశాడు. టిప్పు సుల్తాన్‌కి మేనల్లుడు వరస అని కూడా రాశాడు, అది చరిత్రతో పొసగదు గానీ, ఇండియా మొహం చూడని ఒక ఫ్రెంచి రచయిత తన నవలలన్నింట్లోకీ గొప్ప హీరోకి మన ఊళ్ల వైపు నుంచి పుట్టుక వెతికిపెట్టాడంటే నాకు ఒళ్లు జలదరించింది.

నీమో మొదట కనిపించే ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’ కథ నేను చిన్నప్పుడు చదివాను. స్కూల్లో వ్యాసరచన పోటీకి బహుమతిగా ఇచ్చిన పల్చటి బొమ్మల పుస్తకం, జలాంతర్గామి, రాక్షస ఆక్టోపస్, చివర సుడిగుండం, అయిపోయింది. అందులో నీమో గడ్డం పెంచుకున్న ఒక కోపిష్టి దొర. ఆయన ఎందుకు మనుషుల్ని అసహ్యించుకున్నాడో ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. మనలో చాలామందికి ఈ కథలన్నీ ఇలాగే అందాయి, పిల్లల కోసమని కత్తిరించి, లెక్కలూ వాదనలూ రాజకీయాలూ తీసేసి. అసలు సంగతి ఆ తీసేసిన దాంట్లోనే ఉందని ఇప్పుడు చదివాక నాకు గట్టిగా అనిపిస్తోంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. విజయవాడలో ఏలూరు రోడ్డు మీద, లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపులున్నాయి కదా, అక్కడ పాత ప్రాబ్లమ్స్ పుస్తకం ఏదన్నా దొరుకుతుందేమోనని వెతుకుతుంటే ‘ది మిస్టీరియస్ ఐలాండ్’ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చేతికొచ్చింది. అట్ట ఊడిపోయింది, లోపల ఎవరిదో ఏదో కాలేజీ హాస్టల్ స్టాంపు. నిలబడి పది పేజీలు చదివేసరికి ఐదుగురు మనుషులూ ఒక కుక్కా ఏమీ లేకుండా దీవి మీద పడ్డారు, వాళ్లలో ఒకాయన ఇంజినీరు. ఇక వదలబుద్ధి కాలేదు.

ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు డల్లస్‌లో ఉంటాడు. చిన్నప్పుడు మా ఇంట్లో చందమామ వస్తే ముందు ఎవరు చదవాలని కొట్టుకునేవాళ్లం, దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ కోసం. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం మేం పాత బైండు పుస్తకాల్లో చదివినవే, అయినా ఒక్కో భాగం చివర వచ్చే ఆ ఉత్కంఠ మాకు అలవాటే. “ఒరేయ్, నీమో ఎవరో తెలుసా నీకు” అని అడిగితే, “సబ్‌మెరీన్ ఆయన కదక్కా” అన్నాడు. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత “మనకెవరూ చెప్పలేదేంటి ఇది” అన్నాడు, కోపంగానే అన్నాడు.

అలా మొదలైంది మా ఇద్దరి చదువు. ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఈ కథల్లో చాలావరకు పత్రికల్లో సీరియల్స్‌గానే వచ్చాయి. ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్’ 1869, 70ల్లో వెర్న్ ప్రచురణకర్త హెట్జెల్ నడిపిన పత్రికలో వచ్చింది, ‘అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్’ 1872లో ‘ల తాఁ’ అనే దినపత్రికలో వచ్చింది, ‘ట్రెజర్ ఐలాండ్’ 1881 అక్టోబరు నుంచి ‘యంగ్ ఫోక్స్’ అనే పిల్లల వారపత్రికలో వచ్చింది, అదీ స్టీవెన్సన్ పేరుతో కాదు, కెప్టెన్ జార్జ్ నార్త్ అనే మారుపేరుతో. ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ 1897లో ‘పియర్సన్స్ మ్యాగజైన్’లో. మరి అప్పటివాళ్లు చదివినట్టే మనమూ చదువుదామనుకున్నాం. వారానికి ఇన్ని అధ్యాయాలు, అంతకుమించి ముందుకి పోకూడదు, నాకు ఆదివారం పొద్దున, వాడికి శనివారం రాత్రి ఫోన్లో మాట్లాడుకోవాలి. ఇలా ఆగి ఆగి చదవడం ఒక్కటే మొత్తం అనుభవాన్ని మార్చేసింది. ఫోన్లో ఏదైనా గబగబా తిప్పేసే అలవాటు పడ్డ కళ్లకి మొదట్లో కష్టమే, కానీ రెండో వారం నుంచి బస్సులో వెళ్తున్నప్పుడూ పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడూ ఆ దీవి గురించే ఆలోచన, వీళ్లు నిప్పు ఎలా చేస్తారు, ఇనుము ఎక్కడ దొరుకుతుంది అని. ఒకేసారి చదివేస్తే ఆ ఆలోచించే సమయం ఉండదు.

పుస్తకం సంపాదించడం దగ్గర ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకపోతే పూర్తి పుస్తకం చదువుతున్నామనుకుంటూ కత్తిరించినదే చదువుతాం. వెర్న్ రాసింది ఫ్రెంచిలో. మనకి దొరికేవి ఇంగ్లీషు అనువాదాలు. కాపీరైట్ అయిపోయినవి కాబట్టి చవకగా, ఉచితంగా ఎక్కువ దొరికేవి 1870లనాటివి. ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్’కి లూయిస్ మెర్సియర్ చేసిన పాత అనువాదంలో సుమారు ఐదో వంతు ఎగిరిపోయింది, అందులో సైన్సు భాగాలూ ఉన్నాయి, రాజకీయం మాటలూ ఉన్నాయి. నేను ఏలూరు రోడ్డులో కొన్న ‘మిస్టీరియస్ ఐలాండ్’ కింగ్‌స్టన్ పేరుతో వచ్చిన 1875 నాటి అనువాదం. అందులో బ్రిటిష్ పాలన మీద వెర్న్ రాసిన ఘాటైన మాటల్ని మెత్తబరిచి మార్చేశారు. లండన్ పాఠకుడికి నచ్చాలి కదా. అంటే నీమో కథలో మనకి సంబంధించిన భాగాన్నే మార్చారు. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఇన్నేళ్లు ఇన్ని దేశాల పిల్లలు ఆ మార్చిన కథనే వెర్న్ కథ అనుకుని చదివారు.

తమ్ముడు వాళ్ల ఊరి లైబ్రరీలో అడిగితే 2001లో వచ్చిన కొత్త అనువాదం దొరికింది. ఆ ఏడాదే రెండు వచ్చాయి, ఒకటి సిడ్నీ క్రావిట్జ్‌ది, ఇంకొకటి జోర్డన్ స్టంప్‌ది, రెండూ పూర్తివి. గుర్తుపట్టడానికి తేలిక దారి ఉంది: ఇంజినీరు పేరు సైరస్ స్మిత్ అని ఉంటే వెర్న్ పెట్టిన పేరు, సైరస్ హార్డింగ్ అని ఉంటే కింగ్‌స్టన్ పుస్తకం. ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్’కైతే డబ్బు ఖర్చు కూడా అక్కర్లేదు, ఎఫ్. పి. వాల్టర్ చేసిన పూర్తి అనువాదం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. నేను దాన్ని ఫోన్లోకి ఎక్కించుకుని పెద్ద అక్షరాలు పెట్టుకుని చదివాను.

సరే, కథలోకి వస్తాను. 1865 మార్చి, అమెరికా అంతర్యుద్ధం, రిచ్‌మండ్‌లో ఖైదీలుగా ఉన్న ఐదుగురు బెలూన్ దొంగిలించి తుఫానులో పారిపోతారు. పడింది పసిఫిక్‌లో ఒక దీవి మీద. బరువు తగ్గించడానికి ఉన్నవన్నీ సముద్రంలోకి విసిరేశారు కాబట్టి ఒంటి మీద బట్టలూ, రెండు గడియారాలూ తప్ప దాదాపు ఏమీ లేదు. రాబిన్సన్ క్రూసోకి కనీసం ఓడనిండా సామాను ఉంది. కుక్క మెడలో ఉన్న ఉక్కు పట్టీని విరగ్గొట్టి రెండు కత్తులు చేస్తారు. హెర్బర్ట్ అనే కుర్రాడి కోటు చిరుగులో ఒకే ఒక్క గోధుమ గింజ దొరుకుతుంది. మిగతావాళ్లు ఒక్క గింజతో ఏం చేస్తాం అంటే ఇంజినీరు లెక్క కడతాడు. ఒక గింజకి పది కంకులు, కంకికి ఎనభై గింజలు, మొదటి పంటకి 800. అవన్నీ నాటితే రెండో పంటకి 6 లక్షల 40 వేలు, మూడో పంటకి 51 కోట్ల 20 లక్షలు, నాలుగో పంటకి 40 వేల కోట్లు దాటుతుంది. ఆ ఒక్క గింజని పాతిపెట్టి చుట్టూ కంచె కడతారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టినదాన్ని, ఆ పేజీ చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లల పుస్తకంలో ఈ లెక్క ఉండదు, “వాళ్లు గోధుమలు పండించారు” అని ఉంటుంది.

నిప్పు సంగతి ఇంకా బాగుంటుంది. ఇంజినీరూ విలేఖరీ పెట్టుకున్న రెండు గడియారాల అద్దాలు తీసి, వాటి మధ్య నీళ్లు పోసి, అంచులు మట్టితో అతికించి, భూతద్దం చేసి ఎండిన నాచు మీద ఎండ పట్టించి మంట పుట్టిస్తాడు. ఇది నిజంగా అవుతుందా అని తమ్ముడికి అనుమానం. “అక్కా, నీకు ల్యాబ్ ఉందిగా, చూసేయ్” అన్నాడు.

మా ల్యాబ్‌లో వాచ్ గ్లాసులుంటాయి, పదార్థాలు తూచేటప్పుడు వాడే గుండ్రటి పల్లపు గాజు పళ్లేలు. పెద్దవి రెండు తీసుకున్నాను. నీళ్ల తొట్టిలో రెండింటినీ ముంచి, గాలి బుడగ లేకుండా బోర్లించి కలిపి, చుట్టూ పిల్లలు బొమ్మలు చేసే ప్లాస్టిక్ మట్టి దట్టంగా అద్దాను. బయటికి తీయగానే ఒక పక్కనుంచి కారడం మొదలెట్టింది, మళ్లీ అద్దాను. ఏప్రిల్ ఎండ, మధ్యాహ్నం, కాలేజీ డాబా మీద కొబ్బరి పీచు పెట్టి ఆ నీళ్ల అద్దాన్ని పైకీ కిందకీ జరుపుతూ పోతే ఒక చోట వెలుగు చిన్న బొట్టంత అయింది. ముందు పీచు నల్లబడింది, సన్నగా పొగ లేచింది, నెమ్మదిగా ఊదితే ఎర్రటి నిప్పు. చుట్టూ ఉన్న పిల్లలు అరిచిన అరుపుకి కింద ఆఫీసులోంచి అటెండర్ పరిగెత్తుకొచ్చాడు. 150 ఏళ్ల కిందటి నవలలో వాక్యం మా డాబా మీద నిజమైంది. ఆ నీటి చుక్క నా వేలి మీద పడితే గోరువెచ్చగా ఉందంతే, కింద పీచు మాత్రం కాలుతోంది. ఒక అమ్మాయి అడిగింది, “మేడమ్, నీళ్లు వేడెక్కకుండా నిప్పెలా వస్తుంది?” అని. ఆ ప్రశ్న నేను ఎన్ని క్లాసులు చెప్పినా వచ్చేది కాదు.

ఇక ఆ పుస్తకం సగం కెమిస్ట్రీ పాఠమే. కొండని పేల్చాలి, మందుగుండు లేదు. ఇనుప పైరైటీస్‌ని కాల్చి దాన్నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం, దీవిలో దొరికిన సూరేకారంతో కలిపి నైట్రిక్ ఆమ్లం, డ్యూగాంగ్ అనే సముద్రజంతువు కొవ్వుకి సముద్రపు నాచు బూడిదలోంచి తీసిన సోడా కలిపి సబ్బు చేస్తే పక్కన మిగిలే గ్లిజరిన్, ఆ మూడిటితో నైట్రోగ్లిజరిన్. వరసలో ఒక్క మెట్టు కూడా మాయ లేదు. నేను ఆ వరసని బోర్డు మీద రాసి సమీకరణాలు పూర్తి చేయమంటే పరీక్షలో తప్పించుకు తిరిగే కుర్రాళ్లు కూడా రాశారు, కథ తర్వాత ఏమైందో చెప్తానని షరతు పెట్టాను కాబట్టి. ఆ డ్యూగాంగ్‌ని నీటి అడుగున ఎవరో పొడిచి చంపారు, ఎవరో తెలియదు. ఇలాంటి చిన్న చిన్న సాయాలు పుస్తకం అంతా జరుగుతుంటాయి. చివరికి ఆ సాయం చేసినది, నీటి గుహలో నాటిలస్‌లో ఒంటరిగా ముసలివాడైపోయి చావుకి దగ్గరపడ్డ నీమో.

అక్కడ చదవడం ఆపి, ‘ట్వెంటీ థౌజండ్ లీగ్స్’ తీశాం. వరస తలకిందులే, కానీ నీమో ఎవరో తెలిసి చదివితే ఆ పుస్తకం వేరు. సిలోన్ దగ్గర, మన్నార్ సింధుశాఖలో, ముత్యాల కోసం దిగిన ఒక బీదవాడి మీదికి సొరచేప వస్తుంది. మనుషులంటే పడని నీమో చిన్న బాకు పట్టుకుని ఎదురెళ్తాడు. ఆ మనిషిని బతికించి, ముత్యాల సంచి చేతిలో పెట్టి వచ్చేస్తాడు. ఎందుకు చేశావని నాటిలస్‌లో బందీగా ఉన్న ప్రొఫెసర్ అరోనాక్స్ అడిగితే, అతను అణచివేతకి గురైన దేశపు మనిషి, నా ఆఖరి శ్వాస దాకా నేనూ ఆ దేశానికే చెందుతాను అన్న అర్థం వచ్చే మాట అంటాడు. చిన్నప్పుడు ఆ మాట చదివి ఉన్నా నాకు తట్టేది కాదేమో. ఇంకో చోట బంగాళాఖాతం ముఖద్వారంలో, గంగలోంచి కొట్టుకొచ్చిన శవాలు నీళ్ల మీద తేలుతుండగా నాటిలస్ వాటి మధ్యనుంచి వెళ్తుంది. ఆయన గది గోడ మీద లింకన్, వాషింగ్టన్, జాన్ బ్రౌన్, ఐర్లండ్ ఓకానెల్ లాంటివాళ్ల బొమ్మలు ఉంటాయి, అందరూ ఎవరో ఒకరి విడుదల కోసం పోరాడినవాళ్లే. వెర్న్ మొదట నీమోని రష్యన్ల మీద పగబట్టిన పోలండ్ మనిషిగా అనుకున్నాడు, రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవాలి కాబట్టి హెట్జెల్ ఒప్పుకోలేదు. ఆ ఖాళీలోకే తర్వాత మన బుందేల్‌ఖండ్ వచ్చింది. రెండు నవలల తేదీలు ఒకదానికొకటి కలవవు, దాని గురించి తమ్ముడు చాలాసేపు గొణిగాడు, నాకైతే పట్టలేదు.

అంతా బాగుందని చెప్పను. ఆ నవలలో చేపల పేర్ల జాబితాలు పేజీలకి పేజీలు. ప్రొఫెసర్ సహాయకుడు కాన్సీల్ ప్రతి చేపకీ తరగతి, జాతి, ఉపజాతి చెప్తాడు. అవి నేను కళ్లతో దాటేశాను, మీరూ దాటేయొచ్చు.

‘అరౌండ్ ది వరల్డ్’కి మాకు తెలుగే ఉంది, ముళ్లపూడి వెంకటరమణ గారి ‘80 రోజుల్లో భూప్రదక్షిణ’. పాత కాపీ మా పిన్ని ఇంట్లో దొరికింది. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన పెట్టుకుని చదవడం మంచి సరదా. బొంబాయి నుంచి కలకత్తా దాకా రైలు ఉందని పేపర్లో వేశారు, తీరా చూస్తే మధ్యలో అలహాబాద్ దాకా పట్టాలే వేయలేదు, కథానాయకుడు ఫాగ్ రెండు వేల పౌండ్లు పోసి ఏనుగుని కొంటాడు. అక్కడే సతి సన్నివేశం, ఔదా అనే యువతిని కాపాడటం. దాని దగ్గర తమ్ముడికీ నాకూ గట్టి వాదన అయింది. “మన దేశం అంటే ఏనుగులూ సతీసహగమనం, అంతేనా వీళ్లకి” అని వాడి కోపం. నాకూ ఆ వర్ణన నచ్చలేదు, కానీ ఆ రచయితే రెండేళ్లకి నీమోని డక్కర్‌గా రాశాడని మర్చిపోకు అన్నాను. మేం ఇద్దరం ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు.

హెచ్. జి. వెల్స్ దగ్గరికొచ్చేసరికి గాలే మారిపోయింది. వెర్న్ దగ్గర మనిషి అన్నీ నేర్చుకుంటాడు, కడతాడు. వెల్స్ దగ్గర మనిషికి భయం నేర్పుతారు. పైగా చిన్న పుస్తకాలు, రెండు మూడు వారాల్లో ఒకటి అయిపోతుంది. ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ మొదటి అధ్యాయంలోనే, అంగారకుల్ని తిట్టేముందు మనం ఏం చేశామో చూసుకోండి అంటాడు, యూరప్ నుంచి వెళ్లినవాళ్లు యాభై ఏళ్లలో టాస్మేనియా మనుషుల్ని తుడిచిపెట్టారు కదా అని పేరు పెట్టి రాస్తాడు. 1898 నాటి ఇంగ్లండులో, సామ్రాజ్యం మంచి ఊపు మీద ఉన్న రోజుల్లో! ఈ పుస్తకం మీద వచ్చిన సినిమాలు చూసినవాళ్లకి ఆ వాక్యం ఉందనే తెలియదు. అంగారకులు మొదట దిగేది వోకింగ్ ఊరి పక్క మైదానంలో. వెల్స్ అప్పుడు అక్కడే కాపురం ఉండేవాడు, సైకిలు మీద తిరుగుతూ ఏ ఇల్లు ఎక్కడ కూలాలో చూసుకున్నాడు. తమ్ముడు మ్యాప్ తెరిచి ఊళ్లన్నీ వరసగా వెతికాడు, ఒక్కటి కూడా తప్పు లేదు.

‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ నేను భయపడుతూ చదివాను, ఈ వయసులో కూడా. కనిపించకుండా పోతే హాయి అనుకుంటాం కదా. కథానాయకుడు గ్రిఫిన్‌కి బట్టలు వేసుకుంటే బట్టలు కనిపిస్తాయి, చలికాలంలో ఒంటి మీద నూలుపోగు లేకుండా లండన్ వీధుల్లో తిరగాలి. అన్నం తింటే అరిగేదాకా కడుపులో ముద్ద కనిపిస్తుంది. మంచు పడితే ఆకారం తెలుస్తుంది, బురదలో నడిస్తే పాదాల గుర్తులు, కుక్కలు వాసన పడతాయి. ఒక్కో అవస్థా చదువుతుంటే అతని మీద జాలీ భయమూ ఒకేసారి. మా ఫిజిక్స్ సార్‌కి ఇస్తే ఒక ప్రశ్న లేవదీశారు, కంటిలో రెటీనా కూడా కాంతిని పోనిచ్చేస్తే అతను చూడలేడు, గుడ్డివాడు కావాలి అని. రష్యన్ రచయిత పెరెల్మాన్ తన ఫిజిక్స్ పుస్తకంలో ఈ మాటే అన్నాడట. కానీ పూర్తి పుస్తకంలో చూస్తే వెల్స్ దానికీ ఒక సందు వదిలాడు. అద్దంలో చూసుకుంటే రెటీనా వెనక కాస్త రంగు మాత్రం పొగమంచు కంటే పల్చగా మిగిలింది అని గ్రిఫిన్ చెప్తాడు. సార్‌కి ఆ పేజీ చూపిస్తే రెండుసార్లు చదివి, పుస్తకం ఇంటికి పట్టుకెళ్లారు. పోలిక కోసం తర్వాత వెర్న్ చంద్రుడి నవలా, వెల్స్ చంద్రుడి నవలా రెండూ చదివాం. వెర్న్ మనుషుల్ని ఫ్లోరిడాలో 900 అడుగుల ఫిరంగిలో పెట్టి పేలుస్తాడు, వెల్స్ గురుత్వాకర్షణని అడ్డుకునే ఒక లోహం సృష్టిస్తాడు. నేను భౌతికశాస్త్రం వాడుకుంటాను, ఆయన కల్పిస్తాడు అని వెర్న్ నొచ్చుకున్నాడు. నిజానికి ఆ ఫిరంగిలో మనుషులు పేలిన క్షణానే పచ్చడైపోతారు. నేను వెర్న్ పక్షమే, అయినా ఈ ఒక్క చోట వెల్స్‌ది తెలివైన పని.

మధ్యలో హాగ్గర్డ్ ‘కింగ్ సోలమన్స్ మైన్స్’ పట్టుకున్నాం. కథ పరుగెడుతుంది, కాదనను. కానీ ఆఫ్రికా వాళ్లని చూసే చూపు, దంతాల కోసం ఏనుగుల్ని వరసగా కాల్చడం నాకు ఎక్కలేదు, సగంలో మూసేశాను. తమ్ముడు పూర్తి చేశాడు.

‘ట్రెజర్ ఐలాండ్’ మాత్రం అమ్మ కోసం చదివాను. అమ్మకి కళ్లు సరిగా ఆనట్లేదు. నండూరి రామమోహనరావు గారి ‘కాంచన ద్వీపం’ రాత్రి భోజనాలయ్యాక పైకి చదివేదాన్ని. అమ్మ చిన్నప్పుడు వాళ్ల తాతగారి దగ్గర కాశీమజిలీ కథలు వింటూ పెరిగిన మనిషి, మజిలీకో కథ అలవాటు, కథ ఎక్కడ ఆపాలో ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఆపిల్ పండ్ల పీపాలో దూరి జిమ్ అనే కుర్రాడు దొంగల మాటలు వింటాడు చూడండి, ఇంతవరకూ మంచివాడనుకున్న ఒంటికాలి వంటవాడు సిల్వర్ అందర్నీ చంపే ప్లాన్ చెప్తుంటాడు, జిమ్ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, సిల్వర్ ఒకడికి పీపాలోంచి పండు తీసిమ్మంటాడు. అక్కడ నేను గొంతు సవరించుకుందామని ఆగితే, “ఆగావేంటే, చదువు” అని గదమాయించింది. అదృష్టం కొద్దీ ఇంకో దొంగ పండు వద్దు, రమ్ము తాగుదాం అంటాడు, చివరికి పైనుంచి నేల కనిపించిందన్న కేక వస్తుంది, అధ్యాయం అయిపోతుంది. మర్నాడు పొద్దున్నే కాఫీ దగ్గర అడిగింది, “ఆ కుంటివాడు మంచివాడా చెడ్డవాడా, ముందు అది చెప్పు” అని. చివరిదాకా చదివినా నేను జవాబు చెప్పలేకపోయాను. పిల్లల పుస్తకాల్లో సిల్వర్ దొంగ, అంతే. అసలు పుస్తకంలో అతను జిమ్‌ని నిజంగానే ఇష్టపడతాడు, అవసరమైతే చంపేస్తాడు కూడా.

ఇదంతా చదువుతుంటే ఒక కొరత తోచింది, అన్నీ దొరల కథలే, మగవాళ్ల కథలే. అప్పుడు తమ్ముడి భార్య చెప్పింది, రొకేయా హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ చదవండి వదినా అని. ఒక్క సాయంత్రంలో అయిపోయే కథ. 1905లో ఒక బెంగాలీ ముస్లిం ఇల్లాలు, భర్త ఉద్యోగం పనిమీద క్యాంపుకి వెళ్లినప్పుడు పొద్దుపోక ఇంగ్లీషులో రాసింది. అందులో ఆడవాళ్ల రాజ్యం ఉంటుంది, మగవాళ్లు పరదా చాటున వంటింట్లో. విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లు మబ్బుల్లోంచి గొట్టాలతో నీళ్లు తీస్తారు, ఎండ వేడిని పోగుచేసి దాచుకుంటారు, ఆ వేడితోనే శత్రుసైన్యాన్ని తరిమేస్తారు, వంట కూడా ఎండతోనే, పొగ లేదు. భర్త తిరిగొచ్చి నిలబడే మొత్తం చదివి, భయంకరమైన పగ తీర్చుకున్నావు అన్నాడట. ఇది అచ్చయింది మద్రాసులో, ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో, ఆ పత్రిక నడిపింది కమలా సత్తినాథన్, మన తెలుగింటి ఆడపడుచు. వెల్స్ ‘టైమ్ మెషీన్’ వచ్చిన పదేళ్లకి. అంతకుముందే 1896లో జగదీశ్ చంద్ర బోస్ బెంగాలీలో ఒక కథ రాశారు, కలకత్తా మీదికి రావాల్సిన తుఫాను ఒక సీసా తలనూనె సముద్రంలో పోస్తే ఆగిపోతుంది, నూనె వల్ల నీటి తలతన్యత మారడం మీద అల్లిన కథ. ఈ రెండూ మా కాలేజీ పిల్లలకి చదివి వినిపించాను. ఆడపిల్లలకి రొకేయా కథ ఎంత నచ్చిందంటే, మబ్బుల్లోంచి నీళ్లు తీయడం కుదురుతుందా లేదా అని వారం రోజులు నా వెంట పడ్డారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగితే నేను ‘ఇన్విజిబుల్ మ్యాన్’ ముందు చేతిలో పెడతాను, చిన్నది, మొదటి పేజీ నుంచే పట్టేస్తుంది. ఇంగ్లీషు కష్టమనుకుంటే ‘కాంచన ద్వీపం’. ‘మిస్టీరియస్ ఐలాండ్’ లావు చూసి భయపడొద్దు, కానీ ఒక్కరే చదవొద్దు, మాట్లాడుకోవడానికి మనిషి ఉండాలి.

మాకిప్పుడు కానన్ డాయిల్ ‘ది లాస్ట్ వరల్డ్’ నడుస్తోంది, నలుగురూ పీఠభూమి మీదికి దాటిన చెట్టుని వెనకనుంచి ఒకడు లోయలోకి తోసేసిన చోట ఈ వారం భాగం ఆగింది. తమ్ముడు ముందుకి చదివేశాడని నా అనుమానం, అడిగితే లేదంటున్నాడు. దాని తర్వాత వెర్న్ ‘ది స్టీమ్ హౌస్’ అనుకున్నాం. 1880 నాటిది, ఆవిరితో నడిచే ఉక్కు ఏనుగు చక్రాల ఇళ్లని లాక్కుంటూ కలకత్తా నుంచి హిమాలయాల దాకా వెళ్తుంది, కథలో నానాసాహెబ్ కూడా ఉన్నాడు. ఈసారి 1857 గురించి వెర్న్ ఏం రాశాడో, ఎవరి పక్షం నిలబడ్డాడో చూడాలి. కత్తిరించని అనువాదం కోసం వాడు అక్కడా నేను ఇక్కడా వెతుకుతున్నాం.